అద్దె ఇళ్లలో, అపార్ట్‌మెంట్లలో కరెంటు వృథా: లక్షణం, కారణం, పరిష్కారం

అద్దె ఇంట్లో కరెంటు బిల్లు కట్టేది అద్దెకున్నవారు. ఆ బిల్లును పెంచే పాత ఏసీ, గీజరు, వైరింగు, పైకప్పు మాత్రం యజమానివి, నీళ్ల మోటారేమో అసోసియేషన్‌ది. అందువల్ల ఏ లక్షణం కనిపించినా కరెంటు ఎక్కడ పోతోందో కనుక్కోవడంతోపాటు, దాన్ని బాగుచేయించవలసినవారు ఎవరో కూడా తేల్చుకోవాలి. కింది లెక్కలకు తెలంగాణలో 2022 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చిన గృహ టారిఫ్ ఆధారం. ఆంధ్రప్రదేశ్‌లో రేట్లు వేరైనా పరీక్షలు అవే.

లక్షణం: వాడకం పెరగలేదు, బిల్లు మాత్రం పెరిగింది

ముందుగా ఇంట్లోని మెయిన్ స్విచ్ ఆపి, కింద మీటర్ల దగ్గరకు వెళ్లి మీ మీటరు మీద మెరిసే చిన్న ఎర్ర లైటును కొన్ని నిమిషాలు గమనించండి. అన్నీ ఆపినా అది మెరుస్తూనే ఉంటే, మీ మీటరుకూ మీ ఇంటికీ మధ్య ఎక్కడో మెట్ల లైటో, పక్క పోర్షనో, మోటారో కలిసి ఉందని, లేదా వైరింగులో లీకేజీ ఉందని అర్థం. లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్‌ను యజమాని పిలిపించి చూపించవలసిన పని ఇది. మీరు మీటరు సీలు జోలికి వెళ్లకూడదు.

మెయిన్ ఆపగానే మెరుపు ఆగిపోతే, లోపం ఇంట్లోనే ఉంది. మీటరు మీద 3200 ఇంపల్స్ అని రాసి ఉంటే, లైటు 3200 సార్లు మెరిస్తే ఒక యూనిట్ ఖర్చయినట్టు. ఒక్కొక్క ఉపకరణాన్నే వేస్తూ మెరుపులు లెక్కపెడితే దాని వాటా తెలిసిపోతుంది. 2000 వాట్ల గీజరు ఒక్కటే నడుస్తున్నప్పుడు అలాంటి మీటరు నిమిషానికి దాదాపు 107 సార్లు మెరుస్తుంది. బోరు నీళ్ల వల్ల గీజరులో ఉప్పు పేరుకుంటే నీళ్లు వేడెక్కడానికి ఎక్కువసేపు పడుతుంది కాబట్టి, ఏడాదికోసారి లోపల శుభ్రం చేయించాలి.

లక్షణం: సబ్‌మీటరు ఉంది, యూనిట్‌కు ఇస్తున్న ధర మరీ ఎక్కువ

రెండు పోర్షన్లకు ఒకే సర్వీసు కనెక్షన్ ఉండి, ఎవరి వాడకం ఎంతో లెక్కించడానికి మాత్రమే లోపల సబ్‌మీటరు పెట్టడమే ఇక్కడ కారణం. నెలకు 130 యూనిట్ల చొప్పున వాడే రెండు కుటుంబాలు ఒకే మీటరు మీద ఉంటే మొత్తం 260 యూనిట్లు అవుతాయి. 200 దాటగానే మొదటి 200 యూనిట్లకు కూడా యూనిట్‌కు 5.10 రూపాయలు, ఆపైన 300 వరకు 7.70 పడతాయి కాబట్టి ఎనర్జీ చార్జీ (వాడిన యూనిట్ల ధర) ఒక్కటే 1,482 రూపాయలవుతుంది. అదే వేర్వేరు మీటర్లయితే మొదటి 100 యూనిట్లకు 3.40, తర్వాతి వాటికి 4.80 చొప్పున ఒక్కో కుటుంబానికి 484, ఇద్దరికీ కలిపి 968 రూపాయలే. ఒక్క యూనిట్ కూడా తగ్గించకుండానే నెలకు 514 రూపాయల తేడా వచ్చింది. పైగా 2024లో మొదలైన గృహజ్యోతి ఉచిత కరెంటు పథకానికి 200 యూనిట్ల పరిమితి ఉండడం వల్ల, అర్హత ఉన్న కుటుంబం కూడా ఈ ఉమ్మడి మీటరు మీద దాన్ని పోగొట్టుకుంటుంది.

పోర్షన్‌కొక సర్వీసు తీసుకోవడమే సరైన పరిష్కారం. దరఖాస్తు యజమాని పేరున డిస్కంకు (కరెంటు పంపిణీ సంస్థకు) వెళ్లాలి కాబట్టి, ఈ లెక్క కాగితం మీద వేసి చూపించి, కనెక్షన్ ఖర్చు ఎవరు ఎంత భరించాలో అద్దె ఒప్పందం రాసుకునేటప్పుడే మాట్లాడుకోవడం మంచిది. ఇంట్లో చేరాక అడిగితే చాలామంది యజమానులు వాయిదా వేస్తారు.

లక్షణం: మెయింటెనెన్స్‌లో కామన్ మీటరు బిల్లు నెలనెలా పెరుగుతోంది

చాలా సొసైటీలు లిఫ్టును అనుమానిస్తాయి గాని, ముందు చూడవలసింది మోటారును. 5 హెచ్‌పీ మోటారు గంటకు సుమారు నాలుగున్నర యూనిట్లు తాగుతుంది. ట్యాంకు నిండాక రోజూ అరగంట పొంగిపొర్లితే నెలకు 60 యూనిట్లకు పైగా నీళ్లపాలే. వాచ్‌మన్‌ను నిందించడం కంటే, ట్యాంకు నిండగానే మోటారు తనంతట తాను ఆగిపోయేలా ఫ్లోట్ స్విచ్ పెట్టించడం చవక.

పొంగకపోయినా బిల్లు పెరుగుతుంటే, ఖాళీ ట్యాంకు నిండడానికి ఎన్ని నిమిషాలు పడుతోందో ఒక పుస్తకంలో రాయించండి. సంపు నుంచి పైకి ఎక్కించే మోటారుకు ఆ సమయం మునుపటికంటే బాగా పెరిగిందంటే మోటారులో నీళ్లను తోసే చక్రం (ఇంపెల్లర్) అరిగిందో, వాల్వు సగం మూసుకుందో, పైపు లీకవుతోందో అయి ఉంటుంది. మోటారు ఆగగానే సంపు మూత తీసి వినండి. పైపులోంచి నీళ్లు వెనక్కి జారుతున్న చప్పుడు వస్తే నాన్ రిటర్న్ వాల్వు పట్టడం లేదు, దాన్ని మార్పించాలి. బోరు మోటారైతే వేసవిలో నీటిమట్టం దిగడం కూడా కారణమే కాబట్టి, రెండింటి సమయాలూ విడివిడిగా రాయాలి.

మెట్ల మీద పాత చోకు ట్యూబులుంటే 20 వాట్ల ఎల్‌ఈడీలు వేయించండి. దీనికి తీర్మానాలు, చర్చలు అక్కర్లేదు.

లక్షణం: పై అంతస్తులో రాత్రి అయినా ఏసీ లేనిదే నిద్ర పట్టదు

రాత్రి తొమ్మిదింటికి స్టూలెక్కి సీలింగుకు అరచేయి ఆనించి, ఆ తర్వాత లోపలి గోడను తాకండి. సీలింగే ఎక్కువ వేడిగా ఉంటే, పగలంతా పీల్చుకున్న ఎండను కాంక్రీటు ఇప్పుడు గదిలోకి వదులుతోందన్నమాట. ఫ్యాను ఎంత వేగంగా తిరిగినా ఆ వేడిగాలినే కిందికి తోస్తుంది. ఫాల్స్ సీలింగు దీన్ని కొంత ఆలస్యం చేస్తుంది గాని, ఎండను పైకప్పు మీదే ఆపడం మేలు.

పగుళ్లు పూడ్చి, డాబాను బాగా కడిగి, ఎండలు ముదరకముందే తెల్లటి కూల్ రూఫ్ పెయింటు వేయించాలి. సున్నం చవకైనదే గాని వానలకు పోతుంది, మళ్లీ వేసుకోవాలి. దుమ్ము పేరుకుంటే ఏ తెలుపైనా పనిచేయదు కాబట్టి వేసవిలో డాబా కడగడం మరవకూడదు. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ విధానాన్ని ప్రకటించింది గనుక, అసోసియేషన్ సమావేశంలో ప్రస్తావించడానికి అదొక ఆధారం. "లాభం పై ఫ్లాట్ల వాళ్లకే కదా" అన్న అభ్యంతరం తప్పక వస్తుంది. డాబా అందరిదీ కాబట్టి వాటర్‌ప్రూఫింగ్ ఖర్చు అసోసియేషన్, తెల్లపూత ఖర్చు పై ఫ్లాట్ల యజమానులు పెట్టుకోవడం న్యాయంగా ఉంటుంది. అద్దెకున్నవారు ఈ ఖర్చు మోయకూడదు.

లక్షణం: ఏసీ ఆగకుండా నడుస్తున్నా గది చల్లబడదు

ఫిల్టరు కడిగినా ఫలితం లేకపోతే బయటి యూనిట్‌ను చూడండి. ఇరుకు డక్టులోనో, గ్రిల్లు వేసి సామాను నింపిన బాల్కనీలోనో ఉంటే, అది వదిలిన వేడిగాలినే మళ్లీ పీల్చుకుంటుంది. సామాను తీయడం మీ పని, యూనిట్‌ను గాలి ఆడే చోటికి మార్పించడం యజమాని పని. 24 డిగ్రీల కంటే తక్కువ పెట్టే అలవాటుంటే, ఒక్కో డిగ్రీ పెంచినకొద్దీ దాదాపు 6 శాతం కరెంటు తగ్గుతుందని కేంద్ర ప్రభుత్వ ఇంధన పొదుపు సంస్థ బీఈఈ చెబుతోంది. యజమాని ఇచ్చిన ఏసీ స్టార్ లేబుల్ మీద ఏ సంవత్సరాలకు చెల్లుతుందో రాసి ఉంటుంది. ప్రమాణాలు మధ్యమధ్య కఠినమవుతూ వచ్చాయి కాబట్టి, పాత లేబుల్ మీది 5 స్టార్లను చూసి తృప్తి పడవద్దు.

ఫ్యాన్ల విషయంలో మాత్రం యజమాని కోసం ఎదురుచూడనక్కర్లేదు. 75 వాట్ల పాత ఫ్యాను స్థానంలో తక్కువ కరెంటుతో తిరిగే 30 వాట్ల బీఎల్‌డీసీ రకం ఫ్యాను రోజుకు 15 గంటలు తిరిగితే నెలకు 20 యూనిట్లు మిగులుతాయి. పాత ఫ్యానును అటక మీద దాచి ఉంచి, ఇల్లు ఖాళీ చేసేటప్పుడు దాన్ని తిరిగి బిగించి మీ ఫ్యానును తీసుకెళ్లవచ్చు.