పండుగ వెళ్లిన ఇల్లు – 3వ పాఠం: దిగులు వచ్చే వేళ

మొదటి పాఠంలో బతుకమ్మ మొదలుకాక ముందే మన ఆశలను కాగితం మీద పెట్టాం. రెండో పాఠంలో పండుగ నడుస్తుండగా వాటిలో కొన్నింటిని వదులుకోవడం సాధన చేశాం. ఈ పాఠం దసరా మరునాడు మొదలవుతుంది. జమ్మి ఆకులు దేవుడి గూట్లో ఉన్నాయి, సత్తుపిండి డబ్బా అడుగు కనిపిస్తోంది, హైదరాబాద్ వెళ్లాల్సినవాళ్లు ఉప్పల్ బస్సు ఎక్కేశారు, ఆడపిల్లలు అత్తవారిళ్లకు చేరారు.

ఈ విడతలో నేర్చుకునేది ఒక్కటే. పండుగ తర్వాతి దిగులు రోజంతా ఒకే తీరుగా ఉండదు. దానికి ఒక వేళ ఉంటుంది. ఆ వేళను కనిపెట్టి, అక్కడ ముందే ఒక పని పెట్టుకోవాలి.

వేళ అని ఎందుకంటున్నానో చెబుతాను. వుల్ఫ్రామ్ షుల్ట్జ్ అనే నాడీశాస్త్రవేత్త 1990లలో కోతుల మీద చేసిన ప్రయోగాలు ప్రసిద్ధం. ఒక గుర్తు చూపించి, కొద్ది క్షణాలకు పండ్లరసం ఇచ్చేవారు. అది అలవాటయ్యాక గుర్తు చూపించి రసం ఇవ్వకపోతే, సరిగ్గా రసం అందాల్సిన క్షణంలోనే మెదడులో డోపమైన్ అనే రసాయనాన్ని విడుదల చేసే కణాల చురుకు మామూలు స్థాయికంటే కిందికి పడిపోయింది. కోతి మెదడు నుంచి మన దుఃఖానికి నేరుగా గీత గీయకూడదు, నిజమే. కానీ అలవాటైన సంతోషం ఏ వేళకు వచ్చేదో, అది లేనప్పుడు ఆ వేళకే లోటు తెలుస్తుందన్నది మన ఇళ్లలోనూ కనిపించే సంగతే.

ఎంగిలిపూల నాటి నుంచి సద్దుల దాకా వరంగల్, హనుమకొండ ఇళ్లలో సాయంత్రాలు ఎలా గడుస్తాయో మీకు తెలుసు. వేయి స్తంభాల గుడికో, పద్మాక్షి గుట్ట దగ్గరికో, కనీసం వాడ చివరి చౌరస్తాకో బతుకమ్మలు ఎత్తుకుని బయలుదేరడం, చుట్టూ తిరుగుతూ చప్పట్లు, పాట. దసరా దాటాక అదే వేళకు చేతులకు పని ఉండదు. అయితే అందరికీ సాయంత్రమే బరువుగా ఉంటుందని అనుకోకండి. తంగేడు, గునుగు ముందేసుకుని బతుకమ్మ పేర్చడమే పండుగగా గడిపిన ఆమెకు మధ్యాహ్నం బరువు. ఇంటి పెద్దాయనకు రాత్రి భోజనం వేళ, పది కంచాలకు బదులు రెండే కంచాలు వేసినప్పుడు. మగవాళ్లకు ఇదంతా పట్టదంటారు గానీ, వాళ్లు అడిగితే తప్ప చెప్పరు, అంతే.

ఇక సాధన. మూడు రోజుల పాటు పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం, రాత్రి, మనసు ఎలా ఉందో సున్నా నుంచి పదిలోపు ఒక మార్కు వేసి నోటుపుస్తకంలో రాయండి. కారణాలు రాయొద్దు, మార్కు చాలు. మూడో రోజు రాత్రి పుస్తకం తెరిస్తే తక్కువ మార్కులు ఎక్కువసార్లు ఏ వేళకు పడ్డాయో తెలుస్తుంది. పండుగ రోజుల్లో ఆ వేళకు మీరు ఏం చేస్తుండేవారో దాని పక్కన ఒక్క మాటలో రాసుకోండి.

నాలుగో రోజు నుంచి ఆ వేళకు పని. ఒళ్లు కదలాలి, ఇంకో మనిషి మొహం కనిపించాలి, ఎప్పుడు ముగుస్తుందో ముందే తెలియాలి. టీవీ ముందు కూర్చోవడం ఇందులోకి రాదు. దసరా నాడు కలవలేకపోయిన పెద్దవాళ్లు ఎవరైనా ఉంటారు. నాలుగు జమ్మి ఆకులు తీసుకెళ్లి వాళ్ల చేతిలో బంగారంగా పెట్టి, కాళ్లకు మొక్కి, టీ తాగి రండి. నాలుగు రోజులు ఆలస్యమైందని వాళ్లేమీ అనుకోరు. నాకు తెలిసి ఇంతకంటే మంచి మందు లేదు. నడవలేనివారు మిగిలిన సత్తుపిండిని పక్కింటికి పంచి, గడపలో నిలబడి రెండు మాటలు మాట్లాడినా సరే. ఆ వేళకు మాత్రం ఫోనులో పండుగ ఫొటోలు చూడకండి. ఫొటోలంటే నాకు పగ లేదు, పొద్దున చూసుకోండి.

బయలుదేరే ముందు, ఈ పని తర్వాత మనసుకు ఎన్ని మార్కులు పడతాయనుకుంటున్నారో రాయండి. తిరిగొచ్చాక నిజంగా ఎన్ని పడ్డాయో రాయండి. దిగులుగా ఉన్నప్పుడు మన అంచనా చాలాసార్లు అసలుకంటే తక్కువగా ఉంటుంది. ఆ తేడాను మీ చేతిరాతలో మీరే చూడటం ఈ పాఠంలో ముఖ్యమైన భాగం. నిజంగానే తక్కువ పడితే పనిని మార్చండి, మీలో లోపం వెతకొద్దు.

తొమ్మిది రోజుల్లో ఆరో రోజు అలిగిన బతుకమ్మ. ఆ రోజు పూలు పేర్చరు, నైవేద్యం పెట్టరు. అయినా పండుగ చెడిందని ఎవరూ అనరు. మీ సాధనలోనూ అలాంటి రోజు ఒకటి ఉంచుకోండి. ఆ రోజు మార్కులూ వద్దు, పనీ వద్దు.

ఒక హెచ్చరిక. అన్నయ్య రాలేదనో, భోజనాల దగ్గర పొలం పంపకం మాట వచ్చిందనో మనసు నొచ్చుకుని ఉంటే అది వేరే సంగతి. వేళకు పని పెట్టుకున్నంత మాత్రాన అది తగ్గదు. దాన్ని నాలుగో పాఠానికి ఉంచండి. ఇక రెండు వారాలు దాటినా నిద్ర, ఆకలి కుదరకపోయినా, దేనిమీదా ఆసక్తి లేకపోయినా ఈ పుస్తకం పక్కనపెట్టి డాక్టరును కలవండి. బతకాలని లేదనే ఆలోచన వస్తే రెండు వారాలు ఆగొద్దు, అప్పుడే ఇంట్లోవాళ్లకు చెప్పండి, 14416కు ఫోను చేయండి. అది కేంద్ర ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన టెలీ మానస్ ఉచిత సేవ, తెలుగులోనూ మాట్లాడతారు.

చివరి పని చిన్నది. నెదర్లాండ్స్‌లో 1,530 మందిపై జరిపిన ఒక అధ్యయనం 2010లో వచ్చింది. సెలవు ప్రయాణానికి వెళ్లబోయేవాళ్లు మిగతావారికంటే వెళ్లకముందే ఎక్కువ సంతోషంగా ఉన్నారు. తిరిగొచ్చాక మాత్రం ఇద్దరి మధ్య పెద్దగా తేడా లేదు, మహా విశ్రాంతిగా గడిపినవాళ్లకు తప్ప. అంటే ఎదురుచూపుకే బలం ఎక్కువ. దసరాకు దీపావళికి మధ్య సుమారు ఇరవై రోజులు. ఆ మధ్యలో ఒక ఆదివారం ఎంచుకుని, ఎవరితో ఎక్కడికో ఇప్పుడే క్యాలెండరు మీద రాయండి. రామప్ప కావచ్చు, లక్నవరం చెరువు కావచ్చు, పక్క వీధిలోని పిన్నిగారి ఇల్లు కావచ్చు. నాలుగో పాఠానికి ఆ నోటుపుస్తకం వెంట ఉంచుకోండి, మార్కులతో పని ఉంటుంది.