పందెం గిత్తల్ని సొంతంగా పుట్టించి పెంచాలంటే ముందు ఆవు లెక్క చూసుకోండి

గుంటూరు, పల్నాడు వైపు సంక్రాంతికి బండలాగుడు, అంటే ఎడ్ల జతలు బరువైన రాతిబండను లాగే పోటీ, చూసొచ్చాక చాలామందికి వచ్చే ఆలోచన ఒకటే. జత కొనాలంటే లక్షలు పోయాలి, అదే మంచి ఒంగోలు ఆవును తెచ్చుకుని ఇంట్లోనే దూడల్ని పుట్టించుకుంటే చవగ్గా అయిపోతుంది కదా అని. అవుతుందో లేదో ఆవు కొన్న రేటు చెప్పదు. ఈతకీ ఈతకీ మధ్య దాన్ని ఎన్నాళ్లు మేపారు, పుట్టినవాటిలో కోడెదూడలెన్ని, ఆ కోడెల్లో జత కుదిరేవెన్ని అన్నదాని మీదే అంతా ఉంటుంది. అందుకే సంతకు వెళ్లేముందు కాగితం, పెన్ను పట్టుకుని కూర్చోండి.

మేతతో మొదలుపెట్టండి. 400 కిలోల ఆవు రోజుకు తన బరువులో రెండు నుంచి రెండున్నర శాతం ఎండు పదార్థం తింటుంది, అంటే 8 నుంచి 10 కిలోలు. పచ్చిగడ్డిలో ముప్పాతిక వంతుకు పైగా నీరే కాబట్టి 20 కిలోలు కోసి వేసినా లెక్కకు వచ్చేది నాలుగైదు కిలోలే, మిగతాది వరిగడ్డి, చొప్ప, తవుడు, చెక్కతో నింపాల్సిందే. మీ ఊరి రేట్లు మీరు వేసుకోండి, ఇక్కడ లెక్క కోసం రోజుకు 200 రూపాయలు అనుకుందాం. చూడి కాలం సుమారు 285 రోజులు. ఈనిన ఆవు మళ్లీ ఎదకొచ్చి, చూడి కట్టి, తర్వాతి ఈత ఈనేసరికి మొత్తం పదహారు నెలలు పట్టిందనుకోండి, అది 480 రోజులు, 96 వేలు. పుట్టేవాటిలో సగం పెయ్యలే, అంటే ఆడదూడలే ఉంటాయి కాబట్టి ఒక కోడెదూడ మీద సగటున పడేది 1,92,000. పెయ్యను అమ్మితే వచ్చేది ఇందులోంచి తీసేయండి, మనిషి కూలి మాత్రం కలపండి. పాల డబ్బులు మాత్రం లెక్కలోకి రాసుకోకండి, ఒంగోలు ఆవు ఇచ్చే కొద్దిపాటి పాలు పందెం దూడకే చాలవు.

ఇందులో మీ చేతిలో ఉన్న ఖర్చు ఒక్కటే, ఎద తప్పిపోకుండా చూసుకోవడం. ఎద, అంటే ఆవు చూడి కట్టడానికి సిద్ధంగా ఉండే సమయం, 21 రోజులకోసారి వస్తుంది, ఒకసారి తప్పిందంటే పై లెక్కన 4,200 రూపాయలు ఊరికే పోయినట్టు. ఎండాకాలంలో మూగ ఎద ఎక్కువ, అంటే అరవదు, పక్క పశువు మీద ఎక్కదు, మామూలుగానే మేస్తూ ఉంటుంది. కాబట్టి పొద్దున్నే, రాత్రి పడుకునే ముందు, పాకలో టార్చి వేసి తోక కింద చూడండి. గుడ్డులోని తెల్లసొనలా తేటగా సాగే తీగ వేలాడుతున్నా, తోకకో తొడకో ఎండి అంటుకున్నా ఎదకొచ్చినట్టే. పొద్దున కనిపిస్తే సాయంత్రం, సాయంత్రం కనిపిస్తే మర్నాడు పొద్దున చూడి సూది (కృత్రిమ గర్భధారణ) వేయించాలి. తేదీ క్యాలెండర్ మీద రాసి, 21వ రోజు మళ్లీ చూడండి. రెండు మూడు నెలలకు డాక్టరుతో చూడి పరీక్ష చేయించడం మానొద్దు, కట్టిందనుకుని ఆరు నెలలు మేపాక వట్టిదని తేలితే ఆ డబ్బు తిరిగిరాదు.

ఇంకో మాట. పెయ్యదూడలే పుట్టే సూది అని సబ్సిడీలో ఇస్తున్నది మీ పనికి రాదు, దానితో పదింట తొమ్మిది పెయ్యలే. మామూలు ఒంగోలు స్ట్రానే (ఆంబోతు వీర్యం నింపిన సన్నటి గొట్టం) అడగండి, ఏ ఆంబోతుదో నంబరు రాయించుకోండి. ఆవును ఎంచుకునేటప్పుడు మూపురం, రంగు చూసి మోజుపడేకన్నా అది ఎన్ని ఈతలు ఈనింది, ఈతకీ ఈతకీ ఎంత ఎడం వచ్చింది అని అడగండి. గిట్టలు చూడండి, నడిపించి చూడండి. మంచి జాతి లక్షణాలు కంటికి అలవాటు కావాలంటే గుంటూరు దగ్గర అమరావతి రోడ్డులో ఉన్న ప్రభుత్వ పశు పరిశోధన కేంద్రం, లాం ఫారం మందను ఒకసారి చూసి రండి.

దూడ పుట్టాక ఖర్చు తీరు మారుతుంది. గంటా రెండు గంటల్లో జున్నుపాలు కడుపులో పడాలి, రెండో వారంలో నట్టల (కడుపులో పురుగుల) మందు తాగించాలి, గాలికుంటు టీకా ప్రభుత్వం ఉచితంగానే వేస్తుంది కాబట్టి ఆ తేదీలు వదలొద్దు. ఏమైనా అయితే పశువుల అంబులెన్సు నంబరు 1962కు ఫోన్ చేసి చూడండి. పాలపళ్లు ఊడి మొదటి రెండు పెద్ద పళ్లు వేసేది రెండు, రెండున్నరేళ్లకు. పోటీల్లో రెండు పళ్లు, నాలుగు పళ్లు, ఆరు పళ్లు అని విభాగాలు ఉండేది అందుకే. అంటే సూది వేయించిన రోజు నుంచి మొదటి బండ దాకా దాదాపు మూడేళ్లు, పెయ్యను కొని మొదలుపెడితే ఇంకా ఎక్కువ. ఆ తొందరలో పళ్లు రాకముందే బరువు లాగించొద్దు, కీళ్లు పోతే ఉలవలూ పత్తిగింజలూ ఎంత పెట్టినా బాగుపడవు. ముల్లుకర్రతో పొడిచి పరిగెత్తించేవాళ్ల చేతికి అసలు ఇవ్వొద్దు, అది 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం కింద నేరం, పైగా బెదిరిన పశువు జతలో కుదురుగా లాగదు.

మేత రేటు ఎందుకు పెరిగిందో తెలిస్తే ఎక్కడ తగ్గించుకోవచ్చో తెలుస్తుంది. వరి మిషన్‌తో కోశాక గడ్డి పొలంలోనే చెల్లాచెదురవుతుంది, దాన్ని కట్టలు కట్టించి, ట్రాక్టరుకెత్తి తేవాలి, మనం కొనేది ఎక్కువగా ఆ కూలినే. తెనాలి వైపు మాగాణుల్లో వరి తర్వాత జొన్న, మొక్కజొన్న వేస్తారు, కోతలప్పుడే వెళ్లి చొప్ప మాట్లాడుకుంటే ఏడాదికి సరిపడా వామి వేసుకోవచ్చు. లేత పచ్చిజొన్న మాత్రం, అందులోనూ నీళ్లందక వాడిపోయినది, పూత రాకముందు పెట్టొద్దు. అందులో సైనైడ్ విషం ఉంటుంది, నిమిషాల్లో పశువు పడిపోతుంది.

అసలు దెబ్బ ఇంకోచోట తగిలింది. ఒకప్పుడు పందేనికి పనికిరాని కోడెను దుక్కికి అమ్మేవాళ్లు, పెట్టిన మేత డబ్బు చాలావరకు తిరిగొచ్చేది. ట్రాక్టరు వచ్చాక ఆ బేరం పోయింది. ఇప్పుడు నాలుగు కోడెల ఖర్చూ పేరు తెచ్చుకున్న ఒక్క జత మీదే రాబట్టుకోవాలి, అందుకే జతల రేట్లు అలా పలుకుతున్నాయి. బహుమతి సొమ్ము వ్యాను బాడుగకీ, తోలేవాళ్లకీ, మేపేవాళ్లకీ సర్దుకుపోతుంది, దాన్ని ఆదాయంగా రాసుకోవద్దు. బ్రెజిల్‌లో మన ఒంగోలు సంతతికే చెందిన వియాటినా-19 అనే ఆవుకు దాదాపు 40 కోట్ల విలువ కట్టారని విని ఇక్కడ దూడ రేటు ఊహించుకోవడం కూడా తప్పే. అక్కడ ఆ డబ్బు దాని పిండాల అమ్మకం మీద, కోట్ల పశువులున్న మాంసం వ్యాపారం మీద నిలబడింది.

ఇక జత సంగతి. రెండు ఆవులు ఒకే సీజన్లో ఈనినా రెండూ కోడెలే అయ్యే అవకాశం నాలుగింట ఒకటి. అదే నాలుగు ఆవులుంటే కనీసం రెండు కోడెలు పుట్టే అవకాశం పదహారింట పదకొండు. ఆ పైన ఎత్తు, అడుగు, బుద్ధి కలవాలి. నాలుగు ఆవుల్ని ఒక్కరు మేపడం సామాన్య రైతు వల్ల కాదు కాబట్టి, ఒకే ఊళ్లో నలుగురు తలా ఒక ఆవు పెట్టుకుని, ఒకే ఆంబోతు స్ట్రాలు తెచ్చి, నెల రెండు నెలల తేడాలో సూదులు వేయించుకోవడమే నాకు తెలిసి గిట్టుబాటయ్యే దారి. సూది వేయించకముందే కాగితం రాసుకోండి. పెయ్య పుట్టినవాళ్ల వాటా ఎంత, కోడెల మేత ఖర్చు ఎవరెవరు ఎంత పెట్టుకోవాలి, దూడ చనిపోతే నష్టం ఎవరిది, రెండు పళ్ల వయసులో బయటివాళ్లు మంచి రేటు అడిగితే అమ్ముదామా వద్దా అని ఎవరు తేల్చాలి అన్నవన్నీ అందులో ఉండాలి.