పాత వంతెనల మార్పిడి – 4వ పాఠం: వాయిదా ఖరీదు ఎంత?

పోయిన పాఠంలో పది వంతెనల పట్టిక వేసుకున్నాం. పైన డెక్ (బళ్లు నడిచే పలక), దాన్ని మోసే గర్డర్లు (దూలాలు), కింద స్తంభాలూ పునాదులూ. ఒక్కోదానికి 0 నుంచి 9 దాకా మార్కు. అమెరికా పద్ధతిలో ఈ మూడింట్లో ఏ ఒక్కటి 4కి దిగినా ఆ వంతెనను ‘పూర్’ (బాగోలేనిది) కింద రాస్తారు. పట్టిక పూర్తయ్యాక చాలామంది అన్నిటికన్నా తక్కువ మార్కు వచ్చినదాన్ని మొదట పెడతారు. అక్కణ్నుంచి వరసగా, ఉన్న డబ్బు అయిపోయేదాకా కట్టుకుంటూ పోతారు. ఈ పాఠం ఆ అలవాటు మాన్పించడానికే. వంతెన ఒంట్లో ఎలా ఉందో మార్కు చెబుతుంది. ఇవాళే మార్చాలా, పదేళ్లు ఆగవచ్చా అన్నది చెప్పదు.

కాగితం, పెన్ను తీసుకోండి. కొత్త వంతెనకు ఇవాళ 100 అవుతుందనుకుందాం, ఏ డబ్బులో లెక్కేసినా సరే. 30 పెట్టి మరమ్మతు చేస్తే పాతది ఇంకో పదేళ్లు నడుస్తుందని ఇంజనీరు చెప్పారు. వడ్డీ 6 శాతం. పదేళ్ల తర్వాత 100 చేతికి రావాలంటే ఇవాళ ఎంత పక్కన పెట్టాలి? 100ను 1.06తో పదిసార్లు భాగించండి, 55.8 వస్తుంది. దానికి మరమ్మతు 30 కలిపితే 85.8. అంటే ఆగితే 14 దాకా మిగులు. వాయిదాయే మేలనిపిస్తుంది.

కానీ పదేళ్ల తర్వాత ఆ వంతెనను 100కి ఎవరూ కట్టివ్వరు. సిమెంటు, ఉక్కు, కూలి ఏటా 4 శాతం పెరిగితే అప్పటికి ఖర్చు 148. దాని ఇవాళ్టి విలువ 82.7. మరమ్మతు కలిపితే 112.7. లాభం కాస్తా నష్టమైపోయింది! మరమ్మతు 17.3 లోపు అయితేనే ఈ వంతెనను ఆపడం గిట్టుబాటు. ధరల పెరుగుదలను వడ్డీలో ఉంచి ఖర్చులో వదిలేయడం ఈ లెక్కల్లో పదేపదే జరిగే తప్పు. వాయిదాను ఎప్పుడూ చవకగా చూపించే తప్పు కూడా ఇదే.

ఇప్పుడు రోడ్డు మీదికి రండి. మార్కు పడిపోయిన వంతెనకు బరువు పరిమితి బోర్డు పెడతారు. బోర్డుకు పెద్ద ఖర్చేమీ ఉండదు. కానీ రోజుకు 300 లారీలు 20 కిలోమీటర్లు చుట్టు తిరిగి పోతున్నాయనుకోండి. రోజుకు 6,000 కిలోమీటర్లు, ఏడాదికి 21.9 లక్షల కిలోమీటర్లు. దాన్ని కిలోమీటరు ఖర్చుతో గుణించండి. ఈ మొత్తం ఏ ఆఫీసు పద్దులోనూ కనబడదు, లారీవాళ్ల జేబులోంచి పోతుంది. అయినా మన పట్టికలో దానికో గడి ఉండి తీరాలి. ఫైరింజన్ ఆలస్యంగా చేరడాన్ని డబ్బులోకి మార్చడం కష్టం. అలాంటివి పక్కనే మాటల్లో రాయండి, వదిలేయకండి.

ఆగుదామని లెక్క తేలిందంటే, మరమ్మతు డబ్బు నిజంగా ఖర్చు పెడతామని ఒప్పుకున్నట్టు. అమెరికాలో పిట్స్‌బర్గ్‌ నగరంలోని ఫెర్న్ హాలో వంతెన సంగతి ఇక్కడ తప్పక తెలుసుకోవాలి. దాని కాళ్లు ప్రత్యేకమైన ఉక్కువి. పైన పట్టిన తుప్పు పొరే కవచంలా కాపాడే రకం. అయితే తడి ఎప్పటికప్పుడు ఆరిపోతేనే ఆ కవచం నిలుస్తుంది. అక్కడ నీళ్లు పోయే గొట్టాలు పూడుకుపోయాయి. నీళ్లూ చెత్తా కాళ్ల దగ్గర చేరి ఉక్కు ఆరడం మానేసింది, తుప్పు తినేసి చిల్లులు పడ్డాయి. 2011 నుంచీ అది ‘పూర్’ జాబితాలోనే ఉంది. తనిఖీ చేసినవాళ్లు ఏటేటా రాస్తూనే ఉన్నారు, పని మాత్రం జరగలేదు. 26 టన్నుల బోర్డు పెట్టారు. ఆ పరిమితి లెక్క కట్టేటప్పుడు మీద పరిచిన తారు మందాన్ని ఉన్నదానికన్నా బాగా తక్కువగా తీసుకున్నారు. 2022 జనవరి 28 పొద్దున, మీద బస్సు ఉండగానే వంతెన కూలింది. ప్రాణాలు పోలేదు. గొట్టాల్లో చెత్త తీయడానికి టెండరు కూడా అక్కర్లేదు కదా అని తలుచుకుంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

ఇక డబ్బు. ఖర్చు ఏటా పెరుగుతుంటే, రాబడి కూడా దానితోపాటు పెరగాలి. అమెరికాలో రోడ్లు, వంతెనల నిధికి డబ్బిచ్చేది పెట్రోలు పన్ను. గాలను మీద కేంద్ర పన్ను 18.4 సెంట్లు. 1993 నుంచీ అదే. మన 4 శాతం లెక్కను దాని పక్కన పెట్టి చూస్తే ఆ నిధి ఎందుకు చాలదో తెలిసిపోతుంది. టోల్ సంగతి తొందరగా ముగిద్దాం: రద్దీ బాగా ఉండి, పక్కన వేరే దారి లేనిచోటే అది నిలబడుతుంది. ఊళ్ల మధ్య చిన్న వంతెనలకు పనికిరాదు.

ఆ చిన్నవాటికి మంచి దారి గుంపుగా కట్టడం. మిస్సోరీ రాష్ట్రం ఒకే కార్యక్రమం కింద 802 వంతెనల పని ముగించింది. పెన్సిల్వేనియా 558 వంతెనలను ఒకే కాంట్రాక్టులో ఇచ్చింది. ఒకే కొలతల గర్డర్లు వందల్లో పోత పోస్తే ఒక్కోదానికి ఖర్చు తగ్గుతుంది. పెన్సిల్వేనియా ఒప్పందంలో నాకు బాగా నచ్చింది ఇంకోటి: కట్టినవాళ్లే 25 ఏళ్లు నిర్వహించాలి. గొట్టం పూడితే అది వాళ్ల తలనొప్పే. అయితే ఇలాంటి ఒప్పందం అప్పులాంటిదే. రాబోయే ఏళ్ల బడ్జెట్లను ఇప్పుడే తాకట్టు పెడుతున్నాం. ఏటా కట్టాల్సినదాన్ని రాబడి పక్కన రాసుకోకుండా సంతకం పెట్టకూడదు.

ఒక్కోసారి డబ్బు హఠాత్తుగా వస్తుంది. అమెరికా 2021 చట్టం వంతెనల కోసం రాష్ట్రాలకు ఐదేళ్లకు 2,750 కోట్ల డాలర్లు కేటాయించింది. అలాంటప్పుడు డిజైను చేతిలో ఉన్నవాళ్లే ముందు పని మొదలుపెట్టగలరు. అందుకే పట్టికలో పైనున్న రెండు మూడు వంతెనలకు సర్వే, మట్టి పరీక్ష, భూసేకరణ ముందే చేయించి ఉంచాలి.

అభ్యాసం. వడ్డీ, ధరల పెరుగుదల పైన అనుకున్నవే, వాయిదా పదేళ్లే. మొదటి వంతెన: కొత్తది 60, మరమ్మతు 8, చుట్టు దారి బెడద లేదు. రెండోది: కొత్తది 40, మరమ్మతు 6, రోజుకు 150 లారీలు 12 కిలోమీటర్లు చుట్టు తిరగాలి. మొదటిదాన్ని ఆపితే మీకు 57.6 రావాలి. రెండోదానికి లారీలను కలపకముందు 39.1 వస్తుంది. లారీలను కలిపి, పట్టికలో వరస మార్చి ఉంచండి. 5వ పాఠం ఆ వరసతోనే మొదలవుతుంది.