జీపు రంగు పీకే ముందు రొంత ఇది చదవండప్పా

ఎండలు ముదిరినాయంటే మా అనంతపురంలో పాత బండ్ల పిచ్చి ఉన్నోళ్లందరికీ ఒకటే పని, షెడ్డులో పడున్న జీపునో చేతక్ స్కూటర్‌నో బయటికి లాగి రంగు పీకేది. టైము కరెక్టే, జూన్‌లో వానలు పడేలోపల రేకు మీద ప్రైమర్, అంటే రంగుకు ముందు కొట్టే అడుగు పూత, పడిపోవాల. మనకాడ గాలి పొడి కాబట్టి కోస్తా వాళ్లంత బాధ లేదు గానీ ఒక్క జల్లు చాలు, చెమట చేత్తో రేకు ముట్టుకున్నా చాలు, కొన్నాళ్లకు వేలిముద్రల ఆకారంలోనే తుప్పు లేస్తాది. అయితే నాకు తుప్పు కంటే అది పీకేటప్పుడు లేచే దుమ్ముతోనే ఎక్కువ భయం.

పోయినేడు మా మామ 1971 మోడల్ జీపు ఇంటి ముందర పెట్టుకొని బోనెట్ గ్రైండర్‌తో పట్టినా. పైన ఆకుపచ్చ, దాని కింద తెలుపు, దాని కింద ఎవరో ఎప్పుడో కొట్టిన పసుపు, అడుగున రెడాక్సైడ్ అనే ఎర్ర ప్రైమర్, ఎర్రగడ్డ ఒలిచినట్ల పొరలు పొరలు. గంట తర్వాత ముక్కు చీదితే పసుప్పచ్చగా వచ్చింది. మిద్దె మీద మా అత్త ఆరబెట్టిన వడియాల మీద కూడా అదే పసుపు, చేట చేట పారబోసింది, ఆమె తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను.

ఆ పాత పసుపు, నారింజ, ఎరుపు రంగుల్లో సీసం ఉండే ఛాన్సు శానా ఎక్కువ. ఇంటి పెయింట్లలో సీసం 90 పీపీఎం, అంటే పది లక్షల భాగాల్లో 90, దాటగూడదని మన దేశంలో రూలు వచ్చిందే 2016లో, ఇంక 1971లో బండికి ఏం కొట్టినారో ఆ దేవుడికే ఎరుక, కాబట్టి సీసం ఉందనే అనుకొని పని మొదలుపెట్టండి. ఆ దుమ్ము కడుపులోకి పోతే చిన్న పిల్లల మెదడు దెబ్బ తింటాది, కడుపుతో ఉన్నోళ్లకూ మంచిది కాదు. పొడిగా గ్రైండర్ పట్టకుండా నీళ్ల పేపర్‌తో, అంటే తడిపి వాడే గరుకు కాగితంతో, తడిపి తడిపి రుద్దండి, చేతులు పీకుతాయి నిజమే గానీ దుమ్ము లేవదు, రేకు బయటపడిన చోట మాత్రం వెంటనే తుడిచి ఆరబెట్టాల. కింద టార్పాలిన్ పరచండి, ఆ బురద కాలవలోకో జామచెట్టు మొదట్లోకో పోయొద్దు. టీ తాగే ముందు చేతులు సోపుతో కడుక్కోండి, ఆ బట్టలు ఇంట్లో బట్టల్లో కలపొద్దు. మూతికి టవల్ చుట్టుకుంటే మాస్కు కాదు సామీ, దుమ్ముకు ఎన్95 కావాల, థిన్నర్ వాసనకు అదీ పనికిరాదు, కార్బన్ కార్ట్రిడ్జ్ ఉండే మాస్కు వేరే ఉంటాది.

పెయింట్ రిమూవర్ పూస్తే పని తేలికే గానీ డబ్బా మీద ఏం రాసిందో చూడండి. డైక్లోరోమీథేన్ అని ఉంటే అది 40 డిగ్రీలకే మరుగుతాది, మన మే నెల ఎండ దానికంటే ఎక్కువే, అందుకే ఎండలో పెట్టిన డబ్బా మూత తీస్తే బుస్సుమని మొహం మీదికి ఎగజిమ్ముతాది. పొద్దున్నే, నీడలో, మూత మీద గుడ్డ వేసి నిదానంగా తిప్పండి. దాని ఆవిరి గాలి కంటే బరువు, కిందే నిలబడతాది, మూసిన షెడ్డులో ఛాసిస్ (బండి అడుగు చట్రం) కింద పడుకున్నోడికే ముందు తల తిరిగేది. పైగా ఒంట్లోకి పోయినాక కార్బన్ మోనాక్సైడ్‌గా మారతాది, గుండె జబ్బు ఉన్నోళ్లు దాని జోలికే పోవద్దు.

గ్రైండర్ తప్పదంటే చక్రం మీదుండే గార్డు పీకొద్దు, మేస్త్రీలు అందరూ పీకేసి తిప్పుతారు, మీరు వద్దు. వైర్ బ్రష్ తీగ ఒకటి ఊడి నా బనియన్‌లో సూదిలా దిగింది, అది కంట్లో పడుంటే? మామూలు కళ్లజోడు చాలదు, పక్కలు మూసిన గాగుల్స్ పెట్టుకోండి, లుంగీతో మాత్రం అస్సలు వద్దు. ముందే పెట్రోల్ ట్యాంక్ ఊడదీసి దూరంగా పెట్టండి, ఖాళీ ట్యాంకే ఇంకా డేంజర్, లోపలంతా ఆవిరే. అద్దాల మీద నిప్పురవ్వలు పడితే అతుక్కుపోతాయి, తడి గోనెపట్ట కప్పండి.

ఇసుకతో బ్లాస్టింగ్, అంటే గాలి ప్రెషర్‌తో రేకు మీదికి ఇసుక కొట్టించేది నాకు నచ్చదు, పల్చని రేకు వంకర పోతాది, ఆ ఇసుక దుమ్ము ఊపిరితిత్తులకు ఏం చేస్తాదో తాడిపత్రిలో గ్రానైట్ కోసేవాళ్లను అడిగితే చెప్తారు. ఇంక తుప్పుకు బాత్రూమ్ యాసిడ్ పోసేవాళ్లు ఉండారు, అది జాయింట్లలో దూరి తర్వాత లోపల్నుంచి తింటాది. ఫాస్ఫారిక్ యాసిడ్ ఉండేది వాడండి, కలిపేటప్పుడు నీళ్లలోకి యాసిడ్ పోయాల, యాసిడ్‌లోకి నీళ్లు కాదు.

ఇంకోటి, ఛాసిస్ నంబరు. 50 ఏళ్లు దాటిన బండ్లకు వింటేజ్ రిజిస్ట్రేషన్ అని 2021లో రూలు తెచ్చినారు, బాడీ, ఇంజిన్ పెద్దగా మార్చకుండా ఒరిజినల్‌గా ఉండాల. ఆ నంబరే గ్రైండర్ కింద అరిగిపోతే ఆర్టీవో ఆఫీసు చుట్టూ ఎన్నిసార్లు తిరగాలో. అందుకే పని మొదలుపెట్టక ముందే కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది అచ్చు తీసుకోండి, ఫోటో కూడా తీయండి, ఆ ఒక్క చోట మాత్రం రొంత తుప్పు ఉన్నా సరే గుడ్డతో తుడిచి నూనె పూసి వదిలేయండి.