సెల్ఫ్ ఇన్‌ఫ్లేటింగ్ ప్యాడ్: మన కొండల్లో, మన తీరంలో వాడుకునే పద్ధతి

సెల్ఫ్ ఇన్‌ఫ్లేటింగ్ ప్యాడ్ అంటే వీపు సంచిలో మోసుకెళ్ళి, బయట పడుకునేటప్పుడు కింద పరుచుకునే, తనంతట తానే గాలి నింపుకునే పరుపు. దాని లోపల ఉండేది స్పాంజి. దాని చుట్టూ గాలి చొరకుండా పూత వేసిన నైలాన్ లేదా పాలిస్టర్ గుడ్డ ఉంటుంది. ఆ గుడ్డ స్పాంజికి పైనా కిందా పూర్తిగా అతికి ఉంటుంది. ఒక మూలన వాల్వు. చుట్టినప్పుడు స్పాంజి అణిగిపోతుంది. వాల్వు తెరవగానే తన మందానికి తాను లేస్తూ బయటి గాలిని లోపలికి లాక్కుంటుంది. పంపు అక్కర్లేకపోవడం అందుకే. పాడయ్యే దారులు కూడా ఈ మూడే: స్పాంజి అణిగి ఉండిపోతే లేవదు, అతుకు వదిలితే బొబ్బ లేస్తుంది, గుడ్డకు చిల్లి పడితే తెల్లారేసరికి తుంటికి నేల తగులుతుంది.

ఈ ప్యాడ్‌ల గురించి దొరికే సలహాల్లో ఎక్కువ భాగం చలిదేశాల వాళ్ళు తమ అవసరానికి చెప్పుకున్నవి. శ్రీకాకుళం, విజయనగరం వైపు దీన్ని తినేసేది చలి కాదు. ఎండ, ఉప్పుగాలిలోని తేమ, ముళ్ళు. ఈ మూడింటినీ దృష్టిలో పెట్టుకుని వాడితే ఏళ్ళ తరబడి పనికొస్తుంది.

ఎంపిక దగ్గర ఎక్కువ ఆలోచించక్కర్లేదు. నేల చల్లదనాన్ని ఎంత ఆపుతుందో చెప్పే అంకెను ఆర్ వాల్యూ అంటారు. ఏఎస్‌టీఎం అనే ప్రమాణాల సంస్థ 2018లో తెచ్చిన ఎఫ్3340 ప్రమాణం ప్రకారం కొలిచినదైతే ఒక కంపెనీ అంకెను ఇంకో కంపెనీ అంకెతో పోల్చుకోవచ్చు. మన తీరానికి 2 చాలు. కొండల మీద డిసెంబరు, జనవరి రాత్రులకు 3 ఉంటే నిశ్చింత. 5, 6 ఉన్నదానికి డబ్బు పోయడం వృథా, బరువు అదనం. ఎప్పుడైనా పెద్ద చలికి వెళ్ళాల్సి వస్తే కింద ఒక మామూలు ఫోమ్ మ్యాట్ వేసుకోండి, రెండింటి ఆర్ వాల్యూలు కలిసిపోతాయి. వెల్లకిలా పడుకునేవాళ్ళకు రెండున్నర సెంటీమీటర్ల మందం సరిపోతుంది. పక్కకు తిరిగి పడుకునేవాళ్ళూ, భారీ మనుషులూ నాలుగు సెంటీమీటర్లకు తగ్గకూడదు. ఆర్ వాల్యూ కంటే అడుగు గుడ్డ మందం చూడండి. దారం మందాన్ని డెనియర్లలో చెబుతారు, మన ముళ్ళకు 30 డెనియర్ గుడ్డ ఆగదు. 70 దరిదాపుల్లో ఉన్నది వంద గ్రాములు బరువెక్కువైనా అదే తీసుకోండి.

కొత్త ప్యాడ్ పెట్టెలో నెలల తరబడి బిగించి ఉంటుంది కాబట్టి మొదటిసారి వాల్వు తెరిచి పదిహేను నిమిషాలు చూసి, లేవలేదని కంగారుపడొద్దు. నేల మీద పరిచి, వాల్వు తీసి రాత్రంతా వదిలేయండి. పొద్దున్నే నోటితో గట్టిగా ఊది, వాల్వు మూసి ఇంకో పూట ఉంచండి. స్పాంజి పూర్తిగా సాగుతుంది, ఆ తర్వాత నుంచి తనంతట తానే లేస్తుంది.

ఇంట్లో దాన్ని ఎక్కడ ఉంచుతున్నారన్నదే అన్నింటికంటే ముఖ్యం. చుట్టి, సంచిలో కుక్కి, అటక మీద పడేస్తే రెండు వర్షాకాలాలకే పాడైపోతుంది. అణిగి ఉన్న స్పాంజి లేచే గుణం పోగొట్టుకుంటుంది, లోపల మిగిలిన తేమకు బూజు పడుతుంది. రేకుల ఇంటి అటక వేసవిలో ఎంత కాగుతుందో తెలిసిందే, ఆ వేడికి లోపలి అతుకు మెత్తబడుతుంది. కాబట్టి విప్పి, వాల్వు తెరిచి, మంచం కింద పరిచి ఉంచండి, లేదా బీరువా వెనక నిలబెట్టండి. ఎలుకలు తిరిగే ఇల్లైతే దండెం మీద వేయడం మేలు. ముల్లు గుచ్చిన చిల్లి పూడ్చుకోవచ్చు గానీ ఎలుక కొరికిన చోట గుడ్డతో పాటు స్పాంజి కూడా పోతుంది.

ఇక బయట పక్క వేసే చోటు. సరుగుడు తోటల్లో రాలిన ఆకు మెత్తగా కనిపిస్తుంది. దాని కింద చిన్న చిన్న కాయలు గట్టి మొనలతో ఉంటాయి, వాటిని ఏరేయాలి. గట్ల మీద, పోరంబోకు నేలల్లో పల్లేరు కాయలు ఉంటాయి. ఇది ఎటు పడినా ఒక ముల్లు పైకే ఉంటుంది. చెప్పు కాలితో తొక్కుతూ ఆ జాగా అంతా తిరిగి, అడుగున ఏం గుచ్చుకుందో తిప్పి చూస్తే నేల సంగతి తెలిసిపోతుంది. సర్కారు తుమ్మ ఉన్న చోటైతే ఎంత ఏరినా ఒకటి మిగులుతుంది, వేరే జాగా చూసుకోవడమే మంచిది. ఉద్దానం వైపు కొబ్బరి చెట్టు కింద పక్క వేయొద్దు, కాయ గానీ మట్ట గానీ ఎప్పుడు పడుతుందో చెప్పలేం. జీడి తోటల్లో చెట్ల మీది ఎర్రచీమలను చూసుకోండి. సీతంపేట, పార్వతీపురం కొండల వైపు అడవి ఏనుగులు తిరుగుతుంటాయి కాబట్టి ఊళ్ళోవాళ్ళనూ అటవీ సిబ్బందినీ అడగకుండా బయట పడుకోవద్దు.

ప్యాడ్ కింద ఎప్పుడూ ఒక పొర ఉండాలి. టెంటు ఉన్నా లేకపోయినా సన్నటి టార్పాలిన్ ముక్క వేయండి.

చోటు చేరగానే మొట్టమొదట చేయాల్సింది ప్యాడ్ తీసి, నీడలో పరిచి, వాల్వు తెరవడం. టెంటు వేసుకుని, పొయ్యి వెలిగించేలోపు అది లేస్తుంది. పది, పదిహేను నిమిషాలు పడుతుంది. కొన్ని వాల్వులకు తిప్పే మీట ఉంటుంది, ఒక వైపు ఉంటే గాలి లోపలికి మాత్రమే వెళ్తుంది, ఇంకో వైపు ఉంటే బయటికే పోతుంది. ‘లేవడం లేదు’ అనే ఫిర్యాదుల్లో చాలావాటికి ఆ మీట తప్పు వైపు ఉండటమే కారణం.

తానుగా లేచింది పూర్తి గట్టిదనం కాదు. మూడు నుంచి ఆరు సార్లు ఊది వాల్వు బిగించండి. ఊపిరిలో తేమ ఉంటుంది కాబట్టి అంతకు మించి నోటితో ఊదొద్దు. ప్యాడ్‌తో పాటు గాలి నింపే సంచి ఇచ్చి ఉంటే దాన్నే వాడండి. గట్టిగా నింపితే బాగుంటుందనుకోవడం పొరపాటు. పక్కకు తిరిగి పడుకుని, వాల్వు కొంచెం వదులు చేసి గాలి పోనివ్వండి. తుంటి కిందికి దిగుతుంది. ప్యాడ్ కింద అరచెయ్యి పెట్టి చూస్తే ఎముక నేలకు తగిలీ తగలనట్టు అనిపించే చోట బిగించేయండి. వీపుకి హాయిగా ఉండే బిగువు అదే.

అర్ధరాత్రి కాస్త మెత్తబడితే చిల్లి పడిందని అనుకోవద్దు. సాయంత్రం 28 డిగ్రీల్లో నింపిన గాలి తెల్లవారుజామున 18కి దిగితే దాదాపు మూడు శాతం కుంచించుకుపోతుంది. రెండు సార్లు ఊదితే సరి. ఎక్కే దారిలో దీనికి వ్యతిరేకం జరుగుతుంది. మందస మీదుగా ఒడిశా సరిహద్దు దాటి చేరే మహేంద్రగిరి ఎత్తు 1,501 మీటర్లు. కింద గాలి నింపి బిగించిన ప్యాడ్‌ను జీపులో పెట్టుకుని అంత ఎత్తుకు వెళ్తే బయటి గాలి ఒత్తిడి తగ్గి, అది ఉబ్బి అతుకులు లాగుతాయి. ఎత్తు మారేటప్పుడు చుట్టి ఉంచండి.

తీరంలో ఉక్కకు నైలాన్ ఒంటికి అతుక్కుంటుంది, చెమటకు జారుతుంది కూడా. పైన నూలు దుప్పటి గానీ పాత లుంగీ గానీ పరుచుకుంటే రెండు బాధలూ తీరతాయి, తలనూనె కూడా ప్యాడ్‌కు అంటదు. డీట్ అనే రసాయనం ఉన్న దోమల మందు రాసుకుంటే ఆరిన తర్వాతే పడుకోండి. అది ప్లాస్టిక్ పూతలను కరిగిస్తుంది. నెగడుకి కనీసం నాలుగు మీటర్ల దూరం ఉండాలి, గాలివాటున అసలు వేయొద్దు.

పొద్దున్నే ఎండ పడేలోపు వాల్వు తెరవాలి. గాలి నిండిన ప్యాడ్‌ను వాల్వు మూసి ఎండలో వదిలేస్తే లోపలి గాలి వ్యాకోచించి గుడ్డను స్పాంజి నుంచి ఊడదీస్తుంది. ఆ బొబ్బ రోజురోజుకీ పెరుగుతుందే తప్ప తగ్గదు, ఇంట్లో బాగుచేసుకునే మార్గం కూడా లేదు. కారు వెనక సీట్లో వదిలినా ఇదే జరుగుతుంది.

చుట్టడం రెండు విడతల పని. మొదట వాల్వు తెరిచి, వాల్వు లేని చివర నుంచి మోకాళ్ళతో నొక్కుతూ నెమ్మదిగా చుట్టుకురండి. చివరికి రాగానే చుట్ట వదలకుండా వాల్వు బిగించండి. ఇప్పుడు విప్పితే పలచగానే ఉంటుంది, లోపలికి గాలి రాదు. నిలువునా సగానికి మడిచి రెండోసారి చుట్టండి. మిగిలిన గాలి వాల్వు దగ్గరికి వస్తుంది, ఒక్క క్షణం తెరిచి వదిలి బిగించండి. మొదటి విడత చుట్టకుండానే సగానికి మడిచేస్తే గాలి మడతలో చిక్కుకుని సంచిలో పట్టనంత లావవుతుంది.

గాలి నిజంగానే పోతుంటే ముందు వాల్వు చూడండి. బారువ, కళింగపట్నం లాంటి ఇసుక తీరాల్లో పడుకుంటే ఒక్క ఇసుక రేణువు వాల్వు రబ్బరు కింద ఇరుక్కున్నా రాత్రంతా గాలి కారుతుంది. మంచినీళ్ళు కొంచెం పోసి, తెరుస్తూ మూస్తూ కడిగితే పోతుంది. నీళ్ళు లోపలికి వెళ్ళకుండా వాల్వు కిందికి వంచి కడగాలి.

చిల్లే అయితే గట్టిగా ఊది, వాల్వు మూసి, నీళ్ళ తొట్టిలో కొంచెం కొంచెంగా ముంచుతూ నొక్కండి. నీళ్ళు తక్కువైన చోట సబ్బు నురగ రాసినా బుడగ కనిపిస్తుంది. ఒకటి దొరికిందని ఆపొద్దు, పల్లేరు కాయ పక్కపక్కనే రెండు గుచ్చుతుంది. బాల్ పెన్నుతో గుండ్రంగా గుర్తు పెట్టి, ఆరబెట్టి, సర్జికల్ స్పిరిట్‌తో ఆ చోటు తుడవండి. నూనె, చెమట ఉంటే ఏ జిగురూ పట్టదు. గాలి తీసేసి, యురేథేన్ జిగురు బఠాణీ గింజంత వేసి, చిల్లి చుట్టూ సెంటీమీటరు మేర పలచగా పరచండి. సైకిల్ షాపు సొల్యూషన్ ట్యూబు రబ్బరు కోసం చేసింది, నైలాన్ పూత మీద ఎక్కువ రోజులు నిలవదు. ఫెవిక్విక్ లాంటివి ఎండాక పెళుసై, చుట్టగానే పగులుతాయి. దారిలో ఉన్నప్పుడు రిపేర్ టేపు ముక్క మూలలు గుండ్రంగా కత్తిరించి అంటిస్తే ఆ ప్రయాణం గడిచిపోతుంది. మూలలు కోసుగా ఉంటే చుట్టేటప్పుడు లేచిపోతాయి.

జిగురు ఆరడానికి కనీసం ఒక రాత్రి పడుతుంది, వర్షాకాలంలో ఇంకో పూట ఎక్కువ ఉంచండి. తర్వాత గట్టిగా ఊది, పైన రెండు నిండు బిందెలు పెట్టి పొద్దుటి దాకా వదిలేయండి. బిందెలు అదే ఎత్తులో ఉంటే అతుకు పట్టినట్టే.