రాకడ గురించి ఇంట్లో చదువుకోవాలంటే ఎక్కడ మొదలెట్టాలి

రాకడ అంటే యేసు ప్రభువు మళ్ళీ రావడం. మల్కాజిగిరిలో మా ఇంట్లో శుక్రవారం కాటేజ్ ప్రేయర్, అంటే ఇంట్లో పెట్టుకునే ప్రార్థన కూటం జరుగుద్ది. ఈ మధ్య పిల్లలు వచ్చీ రాగానే అంకుల్ 666 చిప్ వచ్చేసిందంట కదా అని అడుగుతున్నారు. 666 అంటే బైబిల్ చివరి పుస్తకం ప్రకటనలో చెప్పిన మృగం సంఖ్య, దాన్ని చిప్‌లా ఒంట్లో పెడతారని వాళ్ళ భయం. ఎవరో వాట్సాప్‌లో పంపిన వీడియో చూసి ఒక పాపకి రాత్రంతా నిద్ర పట్టలేదంట, వాళ్ళమ్మ చెప్తే నాకు చాలా బాధేసింది. అందుకే మేం చదివే పద్ధతి రాస్తున్నా.

ఆ 666 ఉన్న ప్రకటన 13వ అధ్యాయంతో మాత్రం స్టార్ట్ చేయకండి. ముందు మత్తయి 24:36 గట్టిగా చదివించండి, ఆ దినం ఆ గడియ తండ్రికి తప్ప ఎవరికీ తెలీదు అని. 1844 అక్టోబర్ 22న వస్తాడని అమెరికాలో విలియం మిల్లర్ మాట నమ్మినోళ్ళు ఎదురుచూశారు, 2011 మే 21 అని హెరాల్డ్ క్యాంపింగ్ రేడియోలో చెప్పాడు, ఆ రోజులు అలాగే గడిచిపోయాయి. ఇది చెప్తే పిల్లలకి సగం భయం అక్కడే పోద్ది.

తర్వాత 1 థెస్సలొనీక 4:13 నుంచి 18. తమవాళ్ళు చనిపోయారని ఏడుస్తున్న వాళ్ళకి రాసిన మాటలు ఇవి, చివర్లో ఈ మాటలతో ఒకరినొకరు ఆదరించుకోండి అంటాడు పౌలు. ఎత్తబడటం (విశ్వాసుల్ని ప్రభువు పైకి తీసుకెళ్ళడం) చివరి రోజుల్లో వచ్చే శ్రమల ముందా తర్వాతా అంటే సంఘానికో రకంగా చెప్తారు, మొదటి నెల దాని జోలికి పోవద్దు.

అసలు టైం ఇవ్వాల్సింది జీతం అనే మాటకి. మన తెలుగు బైబిల్లో రోమా 6:23లో పాపం వల్ల వచ్చే జీతం మరణం అని ఉంటది, ప్రకటన 22:12లో ప్రభువు తెచ్చేది కూడా జీతమే. దీంతో చాలామంది పరలోకం మన పనికి కూలి అనుకుంటారు, కాదు. గ్రీకులో ఇవి రెండు వేరే మాటలు, మొదటిది ఒప్సోనియా అంటే సిపాయికిచ్చే జీతం, రెండోది మిస్తోస్, దానికి బహుమానం అని కూడా అర్థం. నిత్యజీవం మాత్రం అదే రోమా వచనంలో కృపావరం అని ఉంది, అంటే ఊరికే ఇచ్చేది. రక్షణ పొందినవాడు నమ్మకంగా చేసిన పనికి దొరికేది ఈ బహుమానం. 1 కొరింథీ 3లో మనం చేసిన పనిని నిప్పుతో పరీక్షిస్తే కర్ర, గడ్డి లాంటివి కాలిపోతాయి, బంగారం నిలుస్తది, పని కాలిపోయినా మనిషి రక్షించబడతాడు అని స్పష్టంగా ఉంది, ఆ పేరా రెండుసార్లు చదివించండి.

ప్రకటన 2లో స్ముర్న అనే ఊరి సంఘానికి ప్రభువు జీవకిరీటం ఇస్తానన్నాడు కదా, అది రాజు నెత్తిన పెట్టుకునేది కాదు, స్తెఫానోస్ అంటే పందెంలో గెలిచినోడికి పెట్టే ఆకుల దండ. స్ముర్న ఇప్పటి టర్కీలో ఇజ్మీర్.

ఒక తప్పు మేం చేశాం, మీరు చేయొద్దు. ఈ వారం ఎవరేం మంచి చేశారో చెప్పమన్నాం, రెండు వారాల్లో పిల్లల మధ్య పోటీ అయిపోయింది. మంచి పని నలుగురికీ కనపడేలా చేయొద్దనే మత్తయి 6 గుర్తొచ్చి ఆపేశాం, ఇప్పుడు ఎవరికి వాళ్ళు మనసులోనే ప్రార్థన చేసుకుంటారు.

చివరగా మత్తయి 10:42, గిన్నెడు చన్నీళ్ళు ఇచ్చినవాడు తన ఫలం పోగొట్టుకోడు. మొన్న మే నెలలో చర్చి గేటు దగ్గర చలివేంద్రం పెట్టాం, రంజన్లు రోజూ అంత శుభ్రంగా ఎలా ఉంటున్నాయో ఎవరం పట్టించుకోలేదు. ఒకరోజు పొద్దున ఆరుకి పనుండి వెళ్తే ఒక ఆంటీ ఒక్కతే కూర్చుని కొబ్బరి పీచుతో వాటిని లోపలిదాకా చెయ్యి పెట్టి కడుగుతోంది, నన్ను చూసి ఎవరికీ చెప్పకు బాబూ అంది.