టర్కిష్ కాఫీ పెట్టడం ఇస్తాంబుల్ వర్క్‌షాప్‌లో ఎలా నేర్చుకోవాలి?

టర్కిష్ కాఫీ రెసిపీ చెప్పడానికి నిమిషం కూడా పట్టదు. మెత్తటి కాఫీ పొడి, చల్లటి నీళ్లు, కావాలంటే చక్కెర, అన్నీ ఒకేసారి చిన్న పిడి గిన్నెలో వేసి సన్నటి సెగ మీద పెట్టాలి, నురగ లేచి పొంగబోతుండగా దించాలి, వడకట్టకుండా కప్పుల్లో పోయాలి. అంతే. మరి దీనికోసం వర్క్‌షాప్‌కి డబ్బు కట్టడం దేనికి అంటారా? "పొంగబోతుండగా" అన్న ఆ ఒక్క మాట కోసమే. అది ఎంతసేపు ఉంటుంది, అప్పుడు నురగ రంగు ఎలా ఉంటుంది, గిన్నె ఎంత ఎత్తుకి ఎత్తితే ఆగుతుంది, ఇవన్నీ వీడియో చూస్తే రావు. పక్కన తెలిసినవాళ్లు నిలబడి "ఇప్పుడు దించండి" అంటుంటే మన చేత్తో మనం దించితేనే వస్తాయి. కాబట్టి వర్క్‌షాప్ ఎంచుకునేటప్పుడు, అక్కడ కూర్చున్నప్పుడు, మీ దృష్టంతా దీనిమీదే ఉండాలి. మిగతావన్నీ బోనస్.

ముందు వర్క్‌షాప్ చూసుకోండి

ఇస్తాంబుల్‌లో సుల్తానహ్మెత్, బేయోగ్లు వైపు, ఆసియా ఒడ్డున కదికోయ్ వైపు టూరిస్టుల కోసం ఇలాంటి క్లాసులు నడుపుతుంటారు. సాధారణంగా గంటన్నర, రెండు గంటలు ఉంటాయి, ఇంగ్లీషులోనే చెబుతారు కాబట్టి భాష గురించి టెన్షన్ అక్కర్లేదు. బుక్ చేసే ముందు మాత్రం రెండు విషయాలు మెసేజ్ పెట్టి మరీ కనుక్కోండి. ఒకటి, ప్రతి ఒక్కరికీ విడిగా గిన్నె, విడిగా పొయ్యి ఇస్తారా, లేక ఒకరు చేస్తుంటే మిగతావాళ్లు ఫోన్లు పైకెత్తి వీడియో తీసుకోవడమేనా. రెండు, ఒక్కొక్కరు ఎన్నిసార్లు కాఫీ పెట్టొచ్చు. ఒక్కసారే అంటే వేరేది చూసుకోవడం మంచిది, ఎందుకంటే మొదటిసారి ఎవరికైనా చూడటంతోనే సరిపోతుంది, రెండోసారి నుంచే చేయి నేర్చుకుంటుంది.

వేడి ఇసుకలో గిన్నెని అటూ ఇటూ తిప్పుతూ కాచే కాఫీ ఫొటోల్లో చాలా బాగుంటుంది. ఇసుకలో గిన్నె చుట్టూ వేడి సమంగా తగులుతుంది, లోతుగా దింపితే ఎక్కువ వేడి, పైకి తీస్తే తక్కువ, ఆ సౌకర్యం నిజమే. కానీ ఇంటికొచ్చాక మీ దగ్గర ఇసుక పళ్లెం ఉండదు కదా? గ్యాస్ మీద నేర్పే క్లాసుకే నా ఓటు. బొగ్గుల నిప్పు మీద నిదానంగా కాచి చూపించేవాళ్లు దొరికితే అది కూడా చూడండి, రుచిలో తేడా తెలుస్తుంది.

ఖాళీ కడుపుతో వెళ్లొద్దు. కప్పు చిన్నదే కానీ వడకట్టని చిక్కటి కాఫీ, అదీ వరసగా రెండు మూడు తాగాల్సి వస్తుంది. సాయంత్రం ఆలస్యంగా ఉండే బ్యాచ్ తీసుకుంటే ఆ రాత్రి నిద్ర సంగతి ఇక మీ ఇష్టం.

టైముంటే క్లాసుకి ముందు ఎమినోను వెళ్లి రండి. స్పైస్ బజార్ గేటు పక్కనే కురుకహ్వెజి మెహ్మెత్ ఎఫెంది కొట్టు ఉంది, 1871 నుంచి నడుస్తున్న కాఫీ పొడి వ్యాపారం. సందు మొదట్లోనే వాసన పట్టేస్తుంది, క్యూ కదులుతూనే ఉంటుంది. దాని వెనకాలే తహ్తకాలె అనే పాత బజారు ప్రాంతం. 16వ శతాబ్దం మధ్యలో అలెప్పో నుంచి ఒకరు, డమాస్కస్ నుంచి ఒకరు వచ్చి నగరంలో మొదటి కాఫీ హోటళ్లు తెరిచింది ఇక్కడేనని ఒట్టోమన్ చరిత్రకారుడు పెచెవి రాశాడు. జనం అక్కడ చేరి రాజకీయాలు మాట్లాడుకోవడం నచ్చక సుల్తాన్ నాలుగో మురాద్ 1633లో కాఫీ హోటళ్లన్నీ మూయించాడు, అయినా కాఫీ ఆగలేదు. 2013లో టర్కిష్ కాఫీ సంస్కృతిని యునెస్కో తన వారసత్వ జాబితాలో చేర్చింది.

గిన్నె, పొడి

గిన్నె పేరు జెజ్వె. అడుగు వెడల్పు, మెడ సన్నం, పొడవాటి పిడి. మెడ సన్నంగా ఉండటం అందం కోసం కాదు, పైకి లేచే నురగ అక్కడ ఇరుక్కుని చిక్కబడుతుంది. సైజు కూడా ముఖ్యమే, ఒక కప్పు కాఫీ నాలుగు కప్పుల జెజ్వెలో పెడితే నురగ పల్చగా పరుచుకుని పోతుంది. నీళ్లు పోశాక గిన్నె మూడింట రెండు వంతుల వరకు నిండాలి, పైన ఉన్న ఖాళీ నురగకి. క్లాసులో వేర్వేరు సైజులు ఉంటే చేత్తో పట్టుకుని చూడండి, తర్వాత కొనేటప్పుడు పనికొస్తుంది.

పొడి దగ్గరే చాలామంది తప్పుదారి పడతారు. ఎస్‌ప్రెసోకి వాడే పొడి కంటే కూడా ఇది మెత్తగా ఉండాలి, వేళ్ల మధ్య రాస్తే గరుకు అస్సలు తగలకూడదు. క్లాసులో ఇత్తడి చేతి మర ఇచ్చి గింజలు తిప్పమంటారు, సరదాగానే ఉంటుంది, రెండు నిమిషాల్లో భుజం నొప్పి మొదలవుతుంది. తిప్పిన పొడిని, షాపు పొడిని పక్కపక్కన పెట్టుకుని వేళ్లతో రాసి చూడండి. ఆ మెత్తదనం ఒకసారి గుర్తుపడితే ఇంకెక్కడ కొన్నా మోసపోరు. టర్కీ కాఫీ తోటల దేశం కాదు, అక్కడ వాడే గింజల్లో ఎక్కువ భాగం బ్రెజిల్ నుంచి వచ్చే అరబికానే. కాబట్టి "అసలు టర్కిష్ గింజలు" అని ఎవరైనా ఎక్కువ రేటు చెబితే నవ్వి ఊరుకోండి. టర్కిష్ అనేది గింజ కాదు, పొడి చేసే తీరు, కాచే తీరు.

కలపడం: కలిపేది ఇప్పుడే

కొలత కప్పుతోనే. అక్కడి కప్పుని ఫింజాన్ అంటారు, 65 నుంచి 70 మిల్లీలీటర్లు పడుతుంది. తాగే కప్పుతోనే నీళ్లు కొలవండి, ఒక్కో కప్పుకి సుమారు 7 గ్రాముల పొడి, అంటే నిండుగా తీసిన రెండు చిన్న చెంచాలు. నీళ్లు చల్లగా ఉండాలి. వేడి నీళ్లతో మొదలుపెడితే తొందరగా అయిపోతుంది కదా అనిపిస్తుంది, కానీ ఆ తొందరే నురగకి శత్రువు, పొడి నానే టైము, నురగ పేరుకునే టైము రెండూ పోతాయి.

చక్కెర కూడా ఇప్పుడే వేయాలి. తర్వాత వేసి కలిపితే అడుగున చేరిన మడ్డి అంతా పైకి లేస్తుంది. అందుకే అక్కడ ఎవరింటికి వెళ్లినా కాఫీ పెట్టకముందే ఎలా కావాలో అడుగుతారు. చక్కెర వద్దంటే సాదె, కాస్త చాలంటే అజ్ షెకెర్లి, మధ్యస్థంగా ఓర్తా, బాగా తీపి కావాలంటే చోక్ షెకెర్లి. పాలు లేకుండా కాఫీ ఏంటి అనుకునే మనలాంటివాళ్లు మొదట ఓర్తాతో మొదలుపెట్టడం నయం. పాలతో చేసే రకం కూడా అక్కడి కెఫేల్లో దొరుకుతుంది కానీ, నేర్చుకునేటప్పుడు నీళ్లతోనే నేర్చుకోండి, పాల నురగ, కాఫీ నురగ కలిసిపోతే ఏది ఏదో తెలియదు.

నీళ్లు, పొడి, చక్కెర వేసి, పొయ్యి వెలిగించక ముందే ఉండలు లేకుండా బాగా కలపండి. సెగ తగిలాక మొదటి అర నిమిషంలో కావాలంటే ఒకటి రెండుసార్లు తిప్పొచ్చు. ఆ తర్వాత చెంచా పక్కన పెట్టేయండి.

పొయ్యి మీద

చిన్న మంట. ఇంకా చిన్నది. మంట గిన్నె అడుగు దాటి పక్కలకి రాకూడదు, వస్తే పిడి కాలుతుంది, అంచుల దగ్గర కాఫీ మాడుతుంది. ఒకటి రెండు కప్పులకి మూడు నాలుగు నిమిషాలు పట్టాలి, నిమిషంన్నరలో అయిపోయిందంటే మంట ఎక్కువైనట్టే.

ఇప్పుడు ఎక్కడికీ చూడొద్దు, ఫోన్ కూడా తీయొద్దు. మొదట పైన తేలే పొడి ముదురు రంగులో ముద్దలా కనిపిస్తుంది. కాసేపటికి అంచుల చుట్టూ సన్నటి లేత గోధుమ రంగు రింగు వస్తుంది. ఆ రింగు మెల్లగా లోపలికి జరుగుతూ మధ్యలోని ముదురు భాగాన్ని కప్పుతూ వస్తుంది, నురగ మొత్తం కాస్త ఉబ్బి మెడలోకి ఎక్కడం మొదలవుతుంది. దించాల్సింది అక్కడ, మధ్యలో కన్నులా మిగిలిన ఆ ముదురు భాగం పూర్తిగా మూసుకునేలోపే. గిన్నె పైకెత్తగానే ఇంకొంచెం లేచి ఆగుతుంది. పాలు పొంగించే అలవాటున్న చేతికి ఇది త్వరగానే పట్టుబడుతుంది, కాకపోతే పాలు ఒకసారి పొంగితే స్టవ్ తుడుచుకుని పాలు వాడుకోవచ్చు, ఇది పొంగి మరిగిందంటే నురగ విరిగిపోతుంది, రుచి చేదెక్కుతుంది. నురగ నిలబడేది తాజా పొడిలో ఉండే వాయువుల వల్ల, నూనెల వల్ల, ఆ సన్నటి పొడి రేణువుల వల్ల. గలగలా మరిగిస్తే ఆ బుడగలన్నీ పగిలిపోతాయి.

క్లాసులో ఒక పని చేయండి, నేర్పేవాళ్లు ఒప్పుకుంటే కావాలనే ఒక గిన్నెని మరగనివ్వండి. సరిగ్గా దించినది, మరిగించినది రెండూ పక్కపక్కన రుచి చూస్తే ఇక ఎవరూ చెప్పక్కర్లేదు. డబ్బు కట్టి వచ్చినందుకు ఇంతకంటే పనికొచ్చే పది నిమిషాలు ఉండవు.

నురగ పంచడం, పోయడం

అక్కడ నురగ లేని కాఫీ ఇవ్వడం నామోషీ. ఒకరికి నురగ ఎక్కువ, ఒకరికి తక్కువ పడినా బాగోదు. అందుకే దించగానే చిన్న చెంచాతో నురగ తీసి కప్పులన్నింటిలో సమంగా వేస్తారు. గిన్నె మళ్లీ సెగ మీద పెడతారు, రెండోసారి లేవగానే దించి, కప్పు అంచు మీదుగా నెమ్మదిగా పోస్తారు, ముందు వేసిన నురగ చెదరకుండా పైకి తేలుతుంది. కొందరు ఒక్క పొంగుతోనే పోసేస్తారు, ఇంకొందరు మూడుసార్లు లేపాలంటారు, ఎవరింటి పద్ధతి వాళ్లకి గొప్ప. ఒకటి, రెండు పొంగుల పద్ధతులు చేసి చూసుకోండి, మూడోది నాకైతే అనవసరం అనిపిస్తుంది.

పోయగానే తాగొద్దు. రెండు మూడు నిమిషాలు ఆగితే మడ్డి కిందకి దిగుతుంది. పక్కన ఇచ్చే గ్లాసు నీళ్లు ముందుగా తాగడానికి, నోరు శుభ్రం కావడానికి. లోకుమ్ (టర్కిష్ డిలైట్ అనే మెత్తటి మిఠాయి) ముక్క పెడతారు, సాదె తాగేవాళ్లకి అది భలే జోడీ. కప్పు కదపకుండా చిన్న గుటకలు వేయండి, నాలిక మీద బురదగా తగలగానే ఆపేయండి, అడుగున ఉన్నది తాగేది కాదు.

అదేమో జోస్యానికి. కప్పు మీద సాసర్ బోర్లించి, మనసులో ఏదో అనుకుని, తలకిందులు చేసి చల్లారనిస్తారు, తర్వాత మడ్డి గోడలకి అంటుకున్న ఆకారాలు చూసి పక్షి వచ్చింది, శుభవార్త వస్తుంది, దారి కనిపిస్తోంది, ప్రయాణం ఉంది అని చెబుతారు (ఎలాగూ మీరు ప్రయాణంలోనే ఉన్నారు). "జోస్యాన్ని నమ్మకు, అలాగని జోస్యం లేకుండా ఉండకు" అని వాళ్ల సామెత. చాలా వర్క్‌షాపుల్లో చివరి అరగంట దీనికే పోతుంది. సరదాగా ఉంటుంది, వద్దనను, కానీ ముందే అడిగి ఇంకో జెజ్వె పెట్టే అవకాశం ఉంటే నేనైతే అదే ఎంచుకోమంటాను. అబ్బాయి తరఫువాళ్లు సంబంధం అడగడానికి వచ్చినప్పుడు అమ్మాయి అతని కప్పులో చక్కెర బదులు ఉప్పు వేసి ఇచ్చే ఆచారం గురించి కూడా చెబుతారు, అతను మొహం చిట్లించకుండా తాగాలి. అడిగితే కొన్ని చోట్ల ఉప్పు కాఫీ రుచి కూడా చూపిస్తారు, ధైర్యం ఉంటే చూడండి.

కొనుక్కుని ఇంటికి తెచ్చుకునేది

జెజ్వె కొనాలంటే గ్రాండ్ బజార్ దగ్గర బేయాజిత్ వైపు రాగి సామాన్ల షాపులున్నాయి, ఆగ్నేయ టర్కీలోని గాజియాన్‌తెప్ నగరం దాకా వెళ్తే అక్కడ రాగి పనివాళ్ల బజారే ఉంది. రాగిది తీసుకుంటే లోపల కళాయి పూత ఉందో లేదో చూడండి, లోపల వెండి రంగులో తెల్లగా ఉండాలి. లోపల కూడా ఎర్రటి రాగే కనిపిస్తే అది షోకేసులో పెట్టుకోవడానికే, కాచుకోవడానికి కాదు. ఇంట్లో ఇండక్షన్ స్టవ్ ఉంటే రాగి జెజ్వె దానిమీద వేడెక్కదు, దానికి పనికొచ్చే స్టీలుది తీసుకోవాలి. మన గ్యాస్ స్టవ్ మీద జెజ్వె చిన్నది కాబట్టి కాళ్ల మధ్య నుంచి ఒరిగిపోతుంది, పైన ఒక చిన్న జాలీ పెట్టుకుంటే సరిపోతుంది.

పొడి విషయంలో, మన ఫిల్టర్ కాఫీ పొడి దీనికి పనికిరాదు, అది గరుకు, పైగా చాలావాటిలో చికోరీ కలుస్తుంది. మిక్సీ కూడా అంత మెత్తగా చేయలేదు. చికోరీ లేని అరబికా గింజలు కొని, పొడి పట్టే షాపులో అన్నిటికంటే మెత్తటి సెట్టింగ్ అడగండి. 2019లో జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు వచ్చిన అరకు అరబికా దీనికి బాగా నప్పుతుంది, కాకపోతే గింజలు మధ్యస్థంగా వేయించినవి తీసుకోండి. ఇంత మెత్తటి పొడి వాసన త్వరగా పోగొట్టుకుంటుంది, పాత పొడికి నురగ రాదు. ఇంటికొచ్చి చేస్తే నురగ రావట్లేదంటే మొదట అనుమానించాల్సింది పొడినే, తర్వాత మంటని, ఆ తర్వాతే మీ చేతిని. అందుకే ఇస్తాంబుల్ నుంచి కిలోలకి కిలోలు మోసుకురాకుండా చిన్న ప్యాకెట్లు తెచ్చుకోండి, ఒకటి విప్పితే గాలి చొరని డబ్బాలో పెట్టి రెండు మూడు వారాల్లో అయిపోగొట్టండి. జెజ్వె లోపలి భాగాన్ని స్టీలు పీచుతో తోమొద్దు, కళాయి గీరుకుపోతుంది, మెత్తటి స్పాంజి చాలు.